ఐలవ్వ ఇంటికి గిర్దావరు వచ్చిన నాడు

వేములవాడ నేతగాళ్ల వాడలో ఐలవ్వంత రోషగత్తె ఇంకొకతె లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ సామెత ఈవిడను చూసే పుట్టిందేమో. పొయ్యిలో పిల్లి లేవకపోయినా సరే, "మాకు లేదు" అన్న మాట గడప దాటనిచ్చేది కాదు. మొగుడు సిద్దిరాములు గుంట మగ్గం మీద నేస్తుంటే తను రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఇద్దరి రెక్కలూ ఆడితేనే ఆ ఇంట్లో గటక ఉడికేది.

ఆ వాడకు ఒక రివాజు ఉంది. ఎవరింటికి చుట్టం వచ్చినా, అందులోనూ పిల్లను చూడ్డానికి వస్తే, వాడలోని మంచి సామానంతా ఆ ఇంటికి చేరుతుంది. బాలవ్వ ఇత్తడి బిందెలు, శంకరవ్వ తాంబాలం, హనుమండ్లు కుర్చీ. చుట్టం తిరిగి పోతూ వీధి మలుపు దాటగానే ఎవరివి వాళ్లు పట్టుకుపోతారు. వచ్చినవాళ్లకూ ఇది తెలియని సంగతేం కాదు, వాళ్ల వాడలోనూ అదే తంతు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేండ్లయింది అప్పటికి. ఐలవ్వ కొడుకు రామచంద్రానికి మహారాష్ట్రలో, నాగపూరులో, ఇంజనీరింగు సీటొచ్చింది. ఇంటి పరిస్థితి రుజువైతే కాలేజీ వాళ్లు ఫీజు మాఫీ చేస్తారట, తిండికి సర్కారు వజీఫా ఇస్తుందట.

"లేనోళ్లమని తాసీలు కచేరి నుంచి రాసియ్యాలె అవ్వా. గిర్దావరు సారు వచ్చి ఇల్లు చూసిపోతడు," అని చెప్పి రామచంద్రం బడి కాగితాల కోసం కరీంనగర్ బస్సెక్కాడు. మాఫీ దొరక్కపోతే నాగపూరు ఊసే ఎత్తనక్కర్లేదు. మగ్గం అమ్మినా ఒక్క ఏడాది ఫీజు రాదు.

ఐలవ్వ అంతా విన్నది. విని తన లెక్క తను వేసుకుంది. "పిల్లనిచ్చేటోడే ఇల్లు సూసి ఇస్తడు. సర్కారు గింత మేలు జేస్తదంటే సూడదా? గీ కొంపను సూస్తే, గీళ్ల పిలగానికి ఇంజనీరు సదువెందుకనడా?" అన్నది మొగుడితో. సిద్దిరాములు ఆలోచించి, నిజమేననుకున్నాడు. పొద్దెక్కేసరికి వాడ సామానంతా వాళ్లింట్లో కొలువుదీరింది.

గిర్దావరు దేవదాస్ వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. తళతళలాడే బిందెల వరుస చూశాడు, తాంబాలంలో పెట్టిన అరటిపండు తిన్నాడు.

"గివన్నీ మీవేనా అమ్మా?"

"మాయే సారూ. మాకేం కొదువ!"

గిర్దావరు ముఖం విప్పారింది. "సంతోషం. మరి మీకు మాఫీ ఎందుకమ్మా? ఏ దిక్కులేని పిలగానికో అయితది," అంటూ కలం మూత పెట్టాడు.

ఐలవ్వకు ఇన్నేండ్లు కాపాడుకున్న రోషం ఒక దిక్కు, కొడుకు ఒక దిక్కు. ఆమె గబగబా వాకిట్లోకి వెళ్లి గొంతెత్తింది.

"ఓ బాలక్కా! నీ బిందెలు తీస్కపో! శంకరక్కా, నీ తాంబాలం! హనుమండ్లన్నా, నీ కుర్చీ!"

వాడ నిర్ఘాంతపోయింది. చుట్టం ఇంకా ఇంట్లో ఉండగా సామాను అడగడం ఎన్నడైనా ఉన్నదా? అయినా వచ్చారు. హనుమండ్లు కుర్చీ పక్కన తల గోక్కుంటూ నిలబడి, "సారూ, జర లేస్తరా," అన్నాడు. గిర్దావరు లేవక తప్పలేదు.

లేచాడు గానీ మండిపడ్డాడు. "ఏం ఆటిది? మాఫీ రాదనంగనే సామాను మాయం జేస్తున్నరా? గిసొంటియి మస్తు జూసిన."

ఐలవ్వకు ఏడుపొచ్చేసింది. ఉన్నదంటే మాఫీ పోయె, లేదంటే అబద్ధమాయె. బాలవ్వకు మాత్రం ఒళ్లు మండింది. తన బిందెను తన ఎదుటే ఇంకొకరిదంటే ఎవరికి మండదు? బిందె ఎత్తి గిర్దావరు ముఖం ముందు తిప్పింది. "సదువుకున్నోళ్లు గద, సదువుండ్రి. కొన్ననాడే పేరు కొట్టిచ్చిన."

అంచు మీద చుక్కలు చుక్కలుగా బాలవ్వ పేరుంది. తాంబాలం మీద శంకరవ్వ పేరుంది. కుర్చీ తిరగేస్తే హనుమండ్లు. అక్షరం ముక్క రాని ఐలవ్వ, ఊరందరి పేర్లూ వరుసగా పేర్చి చదువుకున్న మనిషి ముందు మావే అన్నదన్నమాట.

గిర్దావరు పెదవులు బిగించి నవ్వాపుకున్నాడు. "నీ పేరున్నది ఒక్కటి సూపియ్యమ్మా."

ఆమె పొయ్యి దగ్గర్నుంచి సొట్టలు పడ్డ చెంబు తెచ్చింది. కాపురానికి వచ్చేటప్పుడు కూతురి పేరు కొట్టించి తల్లి ఇచ్చినది. గిర్దావరు దాన్ని అటూ ఇటూ తిప్పి చదివి, గోడకు ఆనుకుని నిలబడే మళ్లీ కలం తీశాడు.

"అందరు వినుండ్రి, రాస్తున్న. ఒక మగ్గం. ఒక రాట్నం. ఒక చెంబు. ఇంకేమన్న ఉన్నదా అమ్మా?"

వాడంతా గుమ్మంలోనే ఉంది. ఐలవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "లేదు సారూ! ఏం లేదు! ఉప్పు గూడ బాలక్క ఇంట్లకెల్లే తెస్తం!" అన్నది. అంత సంబరంగా లేమిని చాటినవాళ్లను గిర్దావరు తన నౌకరీలో చూసి ఉండడు. మాఫీ ఇయ్యొచ్చని రాసి సంతకం పెట్టాడు. ఐలవ్వ ఉన్నచోటే కూలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా చాలాసేపు ఊగిపోయింది.

వానలు పడ్డాక పెద్దపల్లి స్టేషన్లో రామచంద్రం నాగపూరు రైలెక్కాడు. ఫీజు మాఫీ అయింది, వజీఫా మంజూరైంది. ప్లాట్‌ఫారం మీద పక్కన నిలబడ్డ, మెడలో కాసుల పేరు వేసుకున్న ఒకావిడ ఐలవ్వను ఎగాదిగా చూసి, "పరాయి రాష్ట్రంల ఇంజనీరు సదువా! మీరు బాగ ఉన్నోళ్లేనే," అన్నది.

"ఏం లేదు తల్లీ మాకు," అన్నది ఐలవ్వ. "గా కిటికీ కాడ కూసున్నడు సూడు, గాడొక్కడే."