తొట్టి మూత ముందుగా తీసే పిరికి ప్రసాదన్న

ఈ పోస్టు వల్ల మనోభావాలు దెబ్బతినబోయే బంధుమిత్రులకూ, ఫ్యామిలీ గ్రూపు అడ్మిన్ హోదాలో నన్ను తీసేయబోయే మా బాబాయికీ, ఒలిపించుకున్న సమస్త రొయ్యలకూ శిరసు వంచి క్షమాపణలు చెప్పుకుంటున్నాను.

పోయిన మనిషి మీద జోకులు వేయకూడదని తెలుసు.

ఆపితే భయమేస్తోంది. అందుకే.

నిన్న పొద్దున వదిన ఫోన్. "మీ అన్న లేవడంలా అబ్బయ్యా."

"చర్చికి ఇంకా టైముందిలే వదినా, పడుకోనీ" అన్నాను.

అటునుంచి ఏడుపు.

ప్రసాదన్న మా పెదనాన్న కొడుకు. నిద్రలోనే గుండె ఆగిపోయింది.

తెలియనివాళ్ల కోసం: అన్న కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం మానేసి ముత్తుకూరు దగ్గర షెడ్డు వేశాడు. రొయ్యల కంపెనీలు పారేసే తలకాయలూ పొట్టూ తెచ్చి, బెల్లం నీళ్లు కలిపి, భూమిలో కట్టిన లోతైన తొట్టిలో పులియబెట్టి, నిమ్మతోటలకు ద్రవ ఎరువు చేసేవాడు. మిగిలిన పిప్పి ఎండబెడితే కోళ్ల మేతలోకి పోయేది.

నేను మార్కెటింగ్ మేనేజర్‌ని. అంటే రీల్స్ తీసేవాణ్ణి.

అన్నకు భయం ఎక్కువ. ఖాళీ అయిన తొట్టిని కడగాలంటే ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని లోపలికి దిగాలి. ముందు అందర్నీ దూరంగా నిలబెట్టి, మూత తనే తీసేవాడు. బ్లోయర్‌తో లోపలికి గాలి కొట్టించేవాడు. గ్యాస్ మీటర్‌ని తాడుకు కట్టి దించి చూసేవాడు. ఆ తర్వాతే మనిషి.

తొట్టి కడిగే రమణమ్మక్క అనేది: "పెళ్లి మండపానికి గూడా గాలి కొట్టించినాకే ఎక్కుంటాడు మీ అన్న!"

ఆ జోకును ప్రతి ఫంక్షన్‌లో నాదేనని చెప్పుకున్నాను. 'పిరికి ప్రసాదు' మాత్రం నిజంగా నాదే.

ఒకసారి రీల్ తీస్తుంటే ఫోన్ ఖాళీ తొట్టిలో పడింది. దిగబోయాను. వెనకనుంచి చొక్కా పట్టి లాగి, పడేసి, నా మీద కూర్చున్నాడు. అక్షరాలా కూర్చున్నాడు. భారీ మనిషి.

"వాసన గూడా రావడంలా గదన్నా!" అన్నాను కిందనుంచి.

"ఇందాక కుళ్లిన గుడ్ల కంపు కొట్టిందా లేదా? ఇప్పుడు రాలేదంటే గ్యాసు పోయిందని గాదురా, నీ ముక్కు పోయిందని! నువ్వు పడిపోతే తీయడానికి నేను దిగతా. నా కోసం రమణమ్మ దిగతాది. వరసబెట్టి పోతాం. దిగబాక!"

అన్న నా మీదనుంచి లేవలేదు. నేను నవ్వాను.

నిన్న సాయంత్రం సమాధుల తోటనుంచి వచ్చాక రమణమ్మక్క నా దగ్గరికొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"అబ్బయ్యా, తొట్టి ఖాళీ చేసి పెట్టినాం. అన్న పని ఆగగూడదు. రేప్పొద్దున మేమే మూత దీసి, దిగి కడిగేస్తాంలే."

"వద్దక్కా. గాలి కొట్టించాల."

"ఎంతసేపు?"

తెలియదు. ఆ సేపంతా నేను నీడలో కూర్చుని రీల్స్ ఎడిట్ చేసుకునేవాణ్ణి. మీటర్‌లో ఏ అంకె వస్తే దిగొచ్చో, ఏ అంకె వస్తే పరిగెత్తాలో తెలియదు.

"నువ్వు గూడా మీ అన్న మాదిరే భయపడతండావే" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

రోజూ జోకులేసేవాడు వద్దంటే, అదీ జోకేననుకుంటారు.

నాకింకా ఏడుపు సరిగ్గా రాలేదు. భయం దానికి దారివ్వడం లేదు. కళ్లు మూస్తే, ఆ మూత తీసి ఉంటుంది. చుట్టూ ఎవరూ ఉండరు.

అన్న స్నేహితుల్లో, స్టూడెంట్స్‌లో ఆ మీటర్ చూడటం వచ్చినవాళ్లుంటే వెంటనే ఫోన్ చేయండి. ఇది జోకు కాదు.

పొద్దున్నుంచీ రమణమ్మక్క ఫోన్ మీద ఫోన్. ఎత్తితే తిట్లు.

అన్నా, నిశ్చింతగా పడుకో. దేవుడి దగ్గరైనా నీ గుండె నెమ్మదించాలి. ఈరోజుకు తొట్టిలోకి ఎవరూ దిగలేరు.

నిచ్చెన ఎత్తుకొచ్చేశాను. నా మంచం కింద ఉంది.