పెనాంగ్ రేవులో ఒక పూట

మా ఆయనకు నారాయణఖేడ్‌లో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. 2012లో పత్తి విత్తనాలు బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా సింగపూర్ తీసుకుపోయి, అక్కడ ఓడ ఎక్కిస్తామని ఒక కంపెనీ చెప్పింది. అందులో మా ఆయన పేరు కూడా ఉంది. ఆయనకు పెద్ద సంబరమేమీ లేదు. సీజను ముందు దుకాణం మూయాల్సి వస్తుందని చిరాకు పడ్డాడు. నాకూ ఓడ మీద మోజు లేదు. కానీ ఆ ఓడ మలేషియాలో పెనాంగ్ రేవులో ఒక పూట ఆగుతుందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

మా తమ్ముడు ఆ ఊరికి ఎదురు ఒడ్డునే ఉన్నాడు. సిర్గాపూర్‌లో వాడి ఈడు వాళ్లంతా పనికి హైదరాబాద్ పోతే, వీడు ఒక ఏజెంటును నమ్మి మలేషియా పోయాడు. కుర్చీలు, బల్లలు చేసే ఫ్యాక్టరీ. ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్ననక్కా" అనేవాడు. అంతకు మించి ఏది అడిగినా, వానలు పడ్డయా, బావ ఎట్లున్నడు అని మాట మార్చేవాడు. వాడు నిజంగా ఎట్లా ఉన్నాడో కళ్లతో చూడాలని నా కోరిక.

ఓడ సంగతి చెప్పగానే వాడు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. వాడి గొంతులో ఆ సంబరం లేదు.

"నాకు లీవ్ ఇయ్యరక్కా. తినేటప్పుడు గేటు బయటికి రానిస్తరు. ఒంటిగంట నుంచి రెండు దాక."

"అయితే మేమే వస్తం. గేటు కాడికే వస్తం."

"నీకు తొవ్వ తెల్వదు."

"తెల్సుకుంట తియ్" అన్నాను.

తెలుసుకోవడం అంత తేలిక కాలేదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కు పోయాను. దాని ఓనరు సాయిబు నాకు చిన్నప్పటి నుంచి ఎరుక. పటం తెరిచి, ఓడ ఆగే చోటు, ఎదురు ఒడ్డుకు పోయే పెద్ద పడవలు ఎక్కే చోటు, ఫ్యాక్టరీ ఉన్న పేట వెతికేసరికి కరెంటు పోయేది. మళ్లీ వచ్చేదాకా కూర్చుంటే ఇంట్లో వంట ఆగేది. ఇట్లా ఎన్నిసార్లు తిరిగానో. ఒకసారి సాయిబు ఎంతో ఉషారుగా ప్రింటు తీసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి ఫోన్‌లో తమ్ముడికి చదివి వినిపిస్తే అది వేరే ఊరి రేవు.

"పరేషాన్ కాకక్కా, ఇంకోటి తీస్త" అన్నాడు సాయిబు మరునాడు. పరేషాన్ కాక ఏం చేయను?

ఎట్లాగో ఒక లెక్క కుదిరింది. ఓడ పొద్దున పదింటికి ఆగుతుంది. అందరూ దిగేసరికి పదకొండు అనుకున్నా, పడవ దాటి టాక్సీ ఎక్కితే ఒంటిగంటకు గేటు దగ్గర ఉంటాం. ఓడ బయల్దేరేది ఆరింటికి, మేము ఎక్కాల్సింది ఐదింటికి. కావలసినంత టైమ్. ప్రయాణం ఇంకా పది రోజులు ఉందనగా కంపెనీ వాళ్లు కొత్త కాగితం పంపారు. ఓడ పదింటికి కాదు, పన్నెండింటికి వస్తుంది. వెళ్లే టైమ్ మాత్రం మారలేదు. నేను కట్టుకున్న లెక్కంతా కూలిపోయింది.

మమ్మల్ని తీసుకుపోయే కంపెనీ మనిషికి ఫోన్ చేశాను. హైదరాబాద్ అతను. మా కష్టం వినకుండానే, "అందరితో పాటు గుడి, చాక్లెట్ ఫ్యాక్టరీ చూడండి మేడమ్. విడిగా పోతే మీ ఇష్టం. ఐదింటికి రాకపోతే షిప్ ఆగదు" అన్నాడు.

మా ఆయన పక్కనుంచి, "ఆయన చెప్పింది మంచిగనే ఉంది గదా" అన్నాడు. నేను ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు.

సింగపూర్‌లో ఓడ ఎక్కే ముందు హోటల్ నుంచి తమ్ముడికి ఆఖరుసారి ఫోన్ చేశాను. ఓడ మీద గానీ, మలేషియాలో గానీ మా సెల్లు పనిచేయదని ముందే చెప్పారు. "నువ్వు గేటు కాడనే ఉండు. జర ఆలస్యమైనా మేమే వస్తం" అన్నాను. "సరే అక్కా" అన్నాడు. ఆ "సరే"ను పట్టుకునే నేను ఓడ ఎక్కాను.

పెనాంగ్ చేరే రోజు పొద్దున నుంచీ వాన. తయారై, తమ్ముడికని తెచ్చిన కరకరలాడే కడక్ జొన్నరొట్టెలు, పల్లీల పొడి సంచిలో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఆయన సింగపూర్‌లో కూడా గడియారం మార్చలేదు. దుకాణంలో ఇప్పుడు టైమ్ ఎంతయిందో తెలియాలట. టైమ్ అడిగిన ప్రతిసారీ దానికి రెండున్నర గంటలు కలిపి చెప్పేవాడు. ఓడ పన్నెండింటికి ఒడ్డు పక్కకు వచ్చింది గానీ తలుపులు తెరవలేదు. తెరిచాక, ఓడ వాళ్ల బస్సుల్లో పోయేవాళ్లు ముందు దిగాలన్నారు. మెడలో వేసిన రంగు బిళ్లను బట్టి గుంపు తర్వాత గుంపును పిలుస్తున్నారు. సొంతంగా పోయేవాళ్లు చివర. అంత పెద్ద హాల్లో, మెడలో రంగు బిళ్ల లేనివాళ్లం గుప్పెడు మందిమి మిగిలాం. మేము నేల మీద కాలు పెట్టేసరికి ఒంటిగంట దాటింది.

పెద్ద పడవ దగ్గరలోనే ఉంది. కానీ అది నిండేదాకా కదల్లేదు. నీళ్ల మధ్యలో మా పడవకు ఎదురుగా అట్లాంటిదే ఇంకొకటి పోయింది. దాన్ని నేను సరిగా చూడనైనా లేదు. ఎదురు ఒడ్డున టాక్సీ అతను తమిళాయన. వచ్చీరాని ఇంగ్లీషులో ఫ్యాక్టరీ పేరు చెప్పాను. ఆ పేరుతో రెండున్నాయట. మొదట వేరేదానికి తీసుకుపోయాడు.

అసలు గేటు దగ్గరకు చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. కాపలాదారు నేపాలీ. హిందీ వచ్చు. తమ్ముడి పేరు చెప్పగానే నవ్వాడు. "మీరేనా దీదీ? ఇంతసేపూ ఇక్కడే నిలబడ్డాడు. ఓడ లేటయింది, వాళ్లు ఇంతదూరం రాలేరు అని సూపర్‌వైజర్ కాళ్లా వేళ్లా పడి, పూట సెలవు తీసుకుని ఓడ దగ్గరికే పోయాడు" అని హిందీలో చెప్పాడు.

నేను గేటు పక్కన అరుగు మీద కూలబడ్డాను. కాపలాదారు తన ఫోన్‌తో తమ్ముడికి కలిపి ఇచ్చాడు.

"అక్కా! ఏడున్నవ్?"

"నీ గేటు కాడ ఉన్నరా."

"నేనీడ నీ షిప్పు కాడ ఉన్న!"

"ఆడికెందుకు పోయినవ్? ఈడనే ఉండమంటి గదా!"

"టైమ్ అయితుంటే ఏం జెయ్యాలె? ఉండు, నేనే మల్లొస్త."

"వద్దు! కదలకు! ఆడనే ఉండు. నీకు దండం పెడత, కదలకు" అని అరిచాను. కాపలాదారు భయపడి చూశాడు.

మళ్లీ టాక్సీ. పడవ మా కళ్ల ముందే వెళ్లిపోయింది. తర్వాతిది వచ్చేదాకా మా ఆయన గడియారానికి రెండున్నర కలుపుతూనే ఉన్నాడు. ఆ ఒడ్డున దిగి ఇద్దరం పరుగెత్తాం. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నేను అట్లా నడిబజారులో పరుగెత్తడం అదే మొదలు.

తమ్ముడు రేవు గేటు బయట వానలో నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చెవుల పక్కన జుట్టు నెరిసింది. ముప్పై కూడా నిండని వాడు. దగ్గరికి పోయి మొహం పట్టుకుని చూడాలనుకున్నదాన్ని, నోరు తెరిస్తే మొదట వచ్చింది కోపమే.

"చెప్పిన మాట ఇనవా నువ్వు?"

"షిప్పు లేటయితది అని నీకు తెల్వదా? నువ్వే ఈడ దిగి నిలబడితే అయిపోతుండె!"

"లీవ్ ఇయ్యరని నువ్వే గదా అన్నది!"

"ఇయ్యాల ఇచ్చిండు! నాకేమన్న ముందుగాల తెల్సా?"

ఇట్లా ఐదేళ్ల తర్వాత కలిసిన అక్కాతమ్ముళ్లం ఎవరు ఎక్కడ ఆగాల్సిందో తేల్చుకోవడానికి ఉన్న కాసింత టైమూ ఖర్చు చేశాం. రొట్టెల సంచి వాడి చేతికి ఇచ్చింది కూడా కోపంగానే. ఏజెంటు చెప్పిన పనే ఇచ్చారా, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, ఇంటికి వస్తావా అని అడగాల్సినవి మనసులోనే ఉన్నాయి.

"ఐదు అయితుంది. ఇగ నడువు" అన్నాడు మా ఆయన. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "ఏమన్న అవసరముంటే నాకు ఫోన్ చెయ్, మీ అక్కకు చెప్పను" అన్నాడు. ఆయన అంత మాట అంటాడని నేననుకోలేదు. వాడు తల ఊపాడు.

పరుగున ఎక్కాం. మా వెనకే తలుపు మూస్తారనుకున్నాను. మూయలేదు. ఐదున్నర అయింది. ఆరు దాటింది. ఓడ కదలదు. పైకి పోయి అడిగితే, ఓడ వాళ్ల సొంత బస్సు ఒకటి ట్రాఫిక్‌లో ఇరుక్కుందట. వాళ్లు వచ్చేదాకా ఆగుతారట.

"వాళ్ల కోసమైతే ఆగుతదా?" అని కంపెనీ మనిషిని నిలదీశాను.

"అది షిప్ వాళ్ల టూర్ మేడమ్. దానికి వాళ్లే బాధ్యులు."

"అయితే నన్ను కొంచెంసేపు దిగనియ్యమని చెప్పు."

"ఎక్కిన తర్వాత మళ్లీ దిగనివ్వరు మేడమ్" అన్నాడు, చేతిలో టీ కప్పు కదలకుండా పట్టుకుని.

రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. రేవు గేటు కనిపిస్తోంది. దాని బయట రోడ్డు కనిపిస్తోంది. తమ్ముడు అప్పటికే వెళ్లిపోయాడో, ఏ గొడుగు కింద ఉన్నాడో తెలియలేదు. మాట్లాడుకోవడానికి కావలసినంత టైమ్ ఇప్పుడు నా ముందు ఉత్తగా పడి ఉంది. ఏడింటికి ఆ బస్సు వచ్చింది. అందులోంచి జనం చాక్లెట్ సంచులతో నవ్వుకుంటూ దిగారు. అప్పుడు ఏడ్చాను. మా ఆయన పక్కనే నిలబడ్డాడు.

తమ్ముడు రెండేళ్ల తర్వాత తిరిగొచ్చాడు. ఇప్పుడు కల్హేర్‌లో మంచాలు, తలుపులు చేసే దుకాణం పెట్టుకున్నాడు. మా ఇంటికి వచ్చి తింటూ ఉన్నప్పుడు అప్పుడొకటి ఇప్పుడొకటి చెప్పేవాడు. మొదటి మూడేళ్లు పాస్‌పోర్టును ఫ్యాక్టరీ ఓనరు తన దగ్గరే పెట్టుకున్నాడని. ఒక వర్షాకాలమంతా తాను జ్వరంతోనే పనికి పోయాడని. రేకుల గదిలో పన్నెండు మంది పడుకునేవాళ్లని.

"ఇవన్ని ఆ దినం ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాను ఒకసారి.

"నువ్వు అడిగినా చెప్పేటోణ్ణి కాదక్కా. షిప్పెక్కి పోయేదానివి, నీ మనసెందుకు పాడు జెయ్యాలె" అన్నాడు.

కావచ్చు. కానీ ఓడ ఎక్కినాక ఉత్తగా పోయిన ఆ రెండు గంటలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.