యాదయ్య మేస్త్రి చెవులు

మాదాపూర్‌లో మా ఆఫీసు నడవాలో కొత్త టైల్స్ వేశారు. ఈ మధ్యాహ్నం ఎవరో ఇనుప చువ్వతో వాటిని ఒక్కొక్కటే తట్టి చూస్తున్నారు. టిక్, టిక్, టిక్... ఉన్నట్టుండి డొబ్‌మని ఒక మొద్దు చప్పుడు. రాస్తున్న వార్త మీద నా చెయ్యి ఆగిపోయింది.

పత్రికలో చేరకముందు తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ కడుతుంటే సైట్ ఇంజనీరుగా చేశాను. యాదయ్య అక్కడ టైల్స్ మేస్త్రి. అరవైకి దగ్గరపడ్డ మనిషి. టైలు కింద సిమెంటు నిండుగా పట్టిందో, గుల్లగా మిగిలిందో తట్టి చెప్పేవాడు. గుల్లదాని మీద సుద్దతో గీత పెట్టేవాడు. గీత పడితే పగలగొట్టి మళ్లీ వేయాల్సిందే. మొదట్లో నాకు తేడా తెలియక గట్టిగా బాదేవాణ్ణి. ఒకరోజు అతను నా చేతిలోంచి చువ్వ తీసుకున్నాడు.

“గట్టిగ కొడితే సప్పుడు పెద్దగైతది సారూ, గంతే. దాని గొంతు మారదు. గుల్లది మెల్లగ కొట్టినా మొద్దుగనే పలుకుతది.”

కాలేజీలో నేను మార్కుల కోసం బట్టీ పట్టింది అదే. అల ఎంత ఎత్తుకు లేస్తే చప్పుడు అంత పెద్దది. సెకనుకు ఎంత ఎక్కువసార్లు కంపిస్తే స్వరం అంత సన్నం. నిండుగా పట్టిన టైలు వేగంగా కంపించి సన్నగా మోగుతుంది. అడుగున ఖాళీ ఉన్నది నిదానంగా ఊగి బొంగురుగా పలుకుతుంది. నెల తిరిగేసరికి కళ్లు మూసుకుని చెప్పగలిగాను. ఇక సారుకే తాపీ ఇచ్చి తను ఇంట్లో పడుకుంటానని యాదయ్య కూలీలందరి ముందు నన్ను ఆటపట్టించాడు.

ఒక ఫ్లాటు వంటగదిలో అతను ఒక వరుస మొత్తం గీతలు పెట్టాడు. తాళాలు ఇచ్చే రోజు దగ్గరపడింది. మేనేజరు తుడిచేయమన్నాడు, తుడిచాను. కొనుక్కున్న దంపతులు భీమవరం వాళ్లు. చూడటానికి వచ్చినప్పుడు నేనే తట్టి చూపించాను, వేలి కొసతో, వినీ వినపడనంత మెల్లగా. చప్పుడు అంత చిన్నదైతే స్వరంలో తేడా కొత్త చెవికి అందదని నాకు తెలుసు. యాదయ్య నేర్పినదాన్ని అందుకు వాడుకున్నాను.

ఆవిడకు ఎందుకో అనుమానం తీరలేదు. గుమ్మంలో నిలబడ్డ యాదయ్యను అడిగింది. “మేస్త్రిగారూ, మీరు చెప్పండి, బాగానే ఉన్నాయా?”

“లేవమ్మా. ఈ వరుస గుల్ల ఉన్నది.”

మేనేజరు నా వైపు చూశాడు. నేను నవ్వాను. “ఇన్నేళ్లు కటింగ్ మెషీన్ దగ్గర చేసి చెవులు పోయాయండీ, పాపం,” అన్నాను.

వాళ్లు నమ్మారు. మర్నాటి నుంచి యాదయ్యను ఇసుక జల్లించడానికి పంపారు. వారం తిరక్కుండానే మానేశాడు. వెళ్తూ సంచి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. గొంతులో కోపం కూడా లేదు.

“నా చెవులు మంచిగనే ఉన్నయి సారూ. మీకు గూడ ఇనపడ్డది.”

చెవుడన్న మాట అతని కంటే ముందే వేరే సైట్లకు చేరిందని, మదీనాగూడలో కూడా ఎవరూ మేస్త్రి పని ఇవ్వలేదని తర్వాత విన్నాను. పత్రికలో ఎన్నో తప్పులకు సవరణలు వేశాం. ఆ దంపతుల ఫోను నంబరు ఇప్పటికీ నా దగ్గరుంది, చేయలేదు. ఆ వంటగదిలో ఆ చప్పుడు సరిగ్గా విన్నవాళ్లం ఇద్దరమే. చెప్పింది అతనొక్కడే.