పూసుకోని మందు

సుల్తాన్ బజార్‌లో దుప్పట్లు అమ్మేవాళ్లు "రంగు పోదు సార్" అనే మాట సూటిగా కళ్లలోకి చూసి చెబుతారు. అది నాకు నచ్చదు. ఒకే పూట ఏడు దుప్పట్లు మరిగే నీళ్లలో ముంచిన మనిషిగా చెబుతున్నాను: పోతుంది. మా ఆబిడ్స్ ఫ్లాట్ బాల్కనీలో ఆ రోజు ఆరేసినవన్నీ ఒకే రకం గులాబి రంగు.

సరదాకి ముంచలేదు. పక్షవాతంతో మంచం పట్టిన మా పెద్దమ్మకు గజ్జి వచ్చింది. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల గోళ్లు తనిఖీ చేసిన టీచరమ్మకు! ఆ మాట ఇంట్లో ఎవరం పలకలేదు. 'స్కిన్ ప్రాబ్లమ్' అన్నాం. ఇంగ్లిష్‌లో అయితే కాస్త గౌరవంగా దురద పెడుతుందని కాబోలు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. పెద్దమ్మ, నేను, ఆమెను చూసుకోవడానికి మెదక్ దిక్కు నుంచి వచ్చి మాతోనే ఉంటున్న కేర్‌టేకర్. పెద్దమ్మ ఆమె చేత్తో పెడితే తప్ప ముద్ద మింగేది కాదు.

డాక్టరు ఇంటికొచ్చి చూసి చాలా సులువైన మాట చెప్పాడు. ఇంట్లో ఉన్నవాళ్లంతా, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రోజు మెడ నుంచి పాదాల దాకా క్రీము పూసుకోవాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. దుప్పట్లన్నీ మరిగే నీళ్లలో ముంచాలి.

కేర్‌టేకర్ వేళ్ల సందులు, గోళ్ల కింద కూడా వదలకుండా పెద్దమ్మకు పూసింది. తనూ పూసుకుంది. మూడో ట్యూబు నా ముందు పెట్టింది.

"మీరు గూడ సార్. అందరన్నడు కదా డాక్టరు."

"నాది మందం చర్మం. కొరికితే ఆ గజ్జి పురుగుల పళ్లే విరుగుతాయి," అన్నాను.

పెద్దమ్మ కదిలే సగం మూతితో నవ్వింది. ఆ నవ్వుతో నా వంతు పని అయిపోయిందనుకున్నాను. రోజూ పొద్దున ఆమెను మంచం మీంచి కుర్చీలోకి ఎత్తేది నేనేనన్న సంగతి తట్టలేదు. నేను చదివింది జువాలజీ.

నెల తిరక్కుండానే పెద్దమ్మ మణికట్టు మీద మళ్లీ పొక్కులు. ఈ మధ్యలో కేర్‌టేకర్ రెండు రోజులు ఊరెళ్లి వచ్చింది. నాకింకేం కావాలి?

శుక్రవారం ప్రార్థనకు చర్చి ఆడవాళ్లు వచ్చారు. ఒక్కొక్కరూ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేయడం అలవాటు. ఒకావిడ పట్టుకోబోయి ఆగింది.

"ఇదేంది టీచరమ్మా?"

పెద్దమ్మకు నోరు తిరగదు. నాకు బాగా తిరుగుతుంది. "గజ్జి. కేర్‌టేకర్ ఊరి నుంచి తెచ్చింది. ఆమెను మార్చేస్తున్నాం," అన్నాను.

ఆమె టీ కప్పుల పళ్లెంతో గుమ్మంలోనే ఉంది. పళ్లెం కింద పెట్టింది. ఒక్క కప్పూ ఎవరూ తీసుకోలేదు. సాయంత్రం పెద్దమ్మకు జావ తాగించి, బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

కొత్తగా వచ్చినామె గ్లౌజులు వేసుకుని తినిపిస్తుంది. పెద్దమ్మ నోరు తెరవదు. బతిమాలితే నాలుగు చెంచాలు.

పది రోజులకు నా వేళ్ల సందుల్లో దురద మొదలైంది. డాక్టరు భూతద్దం పెట్టి చూశాడు. మొదటిసారి పట్టినవాళ్లకు దురద తెలియడానికి నెల పైనే పట్టొచ్చట. ఈలోగా పక్కవాళ్లకు అంటిస్తూనే ఉంటారట.

"అప్పుడు మీరు పూసుకున్నారా?" అని అడిగాడు.

గోడ మీద కాలెండరు బొమ్మ బాగుంది. దాన్ని చూశాను.

ఈసారి ఇంట్లో అందరం పూసుకున్నాం, రెండు విడతలూ. తర్వాత నాంపల్లి స్టేషన్ వెనక పాత కేర్‌టేకర్ ఇప్పుడు కిరాయికుంటున్న గది వెతుక్కుంటూ వెళ్లాను. తలుపు తీసి గడపలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు. పక్క గదుల తలుపులు తెరిచి ఉన్నాయి. గొంతు తగ్గించి చెప్పాను: పెద్దమ్మకు మళ్లీ అంటించింది నేనేనని, తప్పు ఆమెది కాదని, తిరిగి రమ్మని.

"అమ్మ తింటుందా?"

"నాలుగు చెంచాలు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"నేను తెచ్చిన్నని అందరి ముంగట చెప్పిన్రు సార్. మీరు తెచ్చిన్రని నాకొక్కదానికే చెప్తున్రు. అది గూడ గింత మెల్లగ."