గుడ్డ చుట్టిన గాజులు

మనవరాలిని దిగబెట్టడానికి వెళ్లిన పిల్లల సంరక్షణ కేంద్రంలో, పసిపిల్లల్ని చూసుకోవడానికి కొత్తగా చేరిన ఆయా గాజులు తీసి స్టీలు పళ్లెంలో వేస్తోంది. అక్కడ పనిచేసేవాళ్లు గాజులు, పిన్నీసులు పెట్టుకోకూడదట. మంచి నియమమే, కాదనను. కానీ ఆ గలగల చెవిన పడగానే నాకు మా ఎల్లమ్మ గుర్తొచ్చింది.

భువనగిరి దగ్గరి మా పల్లెలో ఎల్లమ్మ మా తమ్ముణ్ణి సాకేది. గంజి పెట్టని పాత నూలు చీర కట్టి, కొప్పు బిగించి పనిలోకి వచ్చేది. పిల్లవాడు లాగుతాడని పుస్తెలతాడు రవికలోకి దోపుకునేది. గాజులు మాత్రం తీసేది కాదు. ఆమె మొగుడు లచ్చయ్య నిజాం మీద, దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘంలో కలిసి అడవి పట్టాడు. కబురు లేదు. ఒకరోజు గాజు గీసుకుని తమ్ముడి చెంప ఎర్రబడింది. మా అమ్మకు ముక్కు మీదే కోపం.

“గాజులు తీసి పిల్లగాన్ని ఎత్తుకో. లేకుంటే రేపటి సంది రాకు” అంది.

“ఆయన ఉండంగ చేతులు బోడిగ ఎట్ల చేసుకోనమ్మా? జర ఆగుర్రి” అంటూ ఎల్లమ్మ పాత చీర అంచు చింపి, గాజుల మీదుగా గట్టిగా చుట్టేసింది. ఇక గీసుకునేదీ లేదు, చప్పుడూ లేదు. అమ్మ తమ్ముణ్ణి ఆమెకు ఎత్తిచ్చింది.

పోలీసు చర్యతో నిజాం పాలన పోయినా సంఘంవాళ్ల వేట ఆగలేదు; లచ్చయ్య కోసం వెతుకుతూ జవాన్లు వచ్చారు. ఆయన జాడ చెప్పమని పెళ్లాన్ని పట్టుకుపోతారని ఊరంతా భయం. ఎల్లమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని మా వాకిట్లోనే ఉంది. ఆమె మొహానికి మొహం రుద్ది వాడు బొట్టు ఎప్పుడో చెరిపేశాడు. జవాన్ల వెంట వచ్చిన పరాయి ఊరి మనిషి, “ఈమె మొగుడేడి?” అని అడిగాడు.

“మొగుడు పోయిండు. చేతులు జూడు” అంది అమ్మ తడుముకోకుండా.

అతను చూశాడు. గుడ్డ కింద గాజులు కనబడలేదు. వెళ్లిపోయారు.

ఎల్లమ్మ పిల్లవాణ్ణి దించి అక్కడే కూలబడింది. “నన్ను కాపాడిండ్రు. కని ఆయన్ను సంపిండ్రు గదమ్మా” అని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ కుంకుమ భరిణ తెచ్చి, పనిమనిషి పక్కన నేల మీద కూర్చుని, తన చేత్తోనే ఆమెకు బొట్టు పెట్టింది. “నోటితోని అన్న. మనసుల అనలే ఎల్లమ్మా” అంది. అమ్మ కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదలు.

లచ్చయ్య తిరిగి రాలేదు. గాజులు తీసెయ్యమని కులపెద్దలు చెప్పి చూశారు. ఎల్లమ్మ వినలేదు. మా ఇంట్లో ఎవరైనా ఆ ఊసెత్తితే “నువ్వు జూసినవా?” అని అమ్మే కసిరేది.

ఇల్లు చేరని మనిషిని ఎవరైనా “పోయినట్టే” అని తేల్చేస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మాట అనవలసింది ఎదురుచూసే మనిషి. ఎల్లమ్మ చివరిదాకా అనలేదు.