సినిమా రికార్డింగుకు వెళ్ళిన గిటార్

పుప్పాలగూడలో మా పై ఫ్లాటు యువకుడు పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒక పాత బేస్ గిటార్ కొన్నాడు. సొంత ఊరు గోపన్‌పల్లి, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ఇంటికి తెచ్చిన సాయంత్రమే మా సోఫాలో కూర్చుని, అమ్మినవాళ్ళ ప్రకటన ఫోన్‌లో చదివి వినిపించాడు.

"‘అసలైన వింటేజ్. సినిమా రికార్డింగుకు వెళ్ళిన గిటార్. ప్రాణంలా చూసుకున్నది.’ గిట్లాంటిది మళ్ల దొరకదు అంకుల్."

శనివారం మా క్లబ్‌హౌస్‌లో దాన్ని వాయించబోతున్నాడు. ఆఫీసు వాళ్ళందరినీ పిలిచాడు. లిఫ్టులో పోస్టరు కూడా అంటించాడు: ‘సినిమా పాటలు వాయించిన గిటార్, మన దగ్గర.’

వాల్యూమ్ నాబ్ గరగరమంటోందంటే, వెనక మూత విప్పాను. దాని లోపలివైపు పచ్చబడిన చీటీ అతికించి ఉంది. తీగలు మార్చిన తేదీలు, వరుస సంఖ్యలతో సహా.

"ఎవలో గాని మస్తు పద్ధతిగల్ల మనిషి," అన్నాడు.

మా ఆవిడ తొంగి చూసింది. "మా గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీలు కూడా ఇదే దస్తూరీలో ఉంటాయి బాబూ."

నాదే. పెళ్ళికి ముందు అమ్మేసిన గిటార్. ఆ ఏడాది డైరీ తెచ్చాను. నేను కొన్నప్పుడు దుకాణంవాడిచ్చిన రంగుల ప్రకటన కాగితం అందులో అతికించి ఉంది: గిటార్‌తో ఒక కుర్రాడు, వెనక కారు, కారుకు ఆనుకుని అమ్మాయి. కారూ అమ్మాయీ విడిగా చూసుకోవాలని అందులో ఎక్కడా రాయలేదు. దాని కింద, అమ్మేటప్పుడు నేను పేపర్లో వేయించిన ప్రకటన; ‘సినిమా రికార్డింగుకు వెళ్ళిన గిటార్’ అన్న మాట అందులోదే. ఒక కాపీ గిటార్ కేసులోనూ పెట్టి ఇచ్చాను. ఆ తర్వాతి ఓనర్లు నా ‘సెకండ్‌హ్యాండ్’ తీసేసి ‘వింటేజ్’ చేశారు, అంతే.

"అయితే సినిమాకు వాయించింది మీరేనా అంకుల్?"

డైరీ మూసేస్తే సరిపోయేది. పేజీ వెనక్కి తిప్పి చదివాను: ‘స్టూడియోకు వెళ్ళాను. బేస్ అక్కర్లేదన్నారు. రెండు టీలు తాగాను. గిటార్ కేసులోంచి తీయలేదు.’

అతని ముఖం వాడింది. "ఆఫీసోళ్లందరికీ చెప్పిన గద. ఇగ సోమవారం నన్ను వదుల్తరా?"

"అది నేను మొదలుపెట్టిన కోత. నేనే చెప్తాను."

"కోతేముందండీ, వెళ్ళిందిగా," అంది మా ఆవిడ.

శనివారం మైకులో ఆ పేజీ యథాతథంగా చదివాను. రెండు టీల దగ్గర అతని మేనేజరే ముందు నవ్వాడు. తర్వాత కుర్రాడు బాగానే వాయించాడు; నాకంటే బాగా అని డైరీలో రాసుకున్నాను. లిఫ్టులో పోస్టరు కూడా అతనే దిద్దాడు: ‘సినిమా రికార్డింగుకు వెళ్ళి, టీ తాగి వచ్చిన గిటార్.’

మర్నాడు పొద్దున్నే మూతా పెన్నూ పట్టుకుని వచ్చాడు.

"కొత్త తీగలు వేసిన అంకుల్. తేది మీరే రాయాలె."

చీటీలో చివరి సంఖ్య పదకొండు. పన్నెండు వేసి, ఆ రోజు తేదీ రాశాను.