ఎనిమిదో ట్రాక్

బుక్కరాయసముద్రంలో ఓబులేష్ ఇంటికి ఎవరైనా పాట రికార్డు చేయించుకోవడానికి వస్తే ముందు ఫ్యాను ఆపేవాడు, తర్వాత చెప్పులు విప్పించేవాడు. చెప్పుల సంగతి భక్తి కాదు. కిర్రుమంటే మైకు పట్టేస్తుంది. ఒకప్పుడు వేరుశనక్కాయల మూటలు వేసుకున్న గది అది. నాలుగేళ్లు వరసగా పంట పోయి మూటలు రాకపోయేసరికి గోడల నిండా గొంగళ్లు వేలాడదీసి దాన్ని స్టూడియో అన్నాడు. ఆ గొంగళ్ల మధ్య పాడి బయటికొచ్చినవాడికి మే నెల ఎండ కూడా చల్లగానే తగిలేది.

బల్ల మీద పలకంత రికార్డరు ఉండేది. కంప్యూటరుతో పని లేకుండా తనంతట తానే పాట పట్టే పెట్టె. అందులో ఎనిమిది ట్రాకులు, అంటే ఎనిమిది శబ్దాలను విడివిడిగా దాచుకునే ఎనిమిది అరలు. వాయిద్యాలకు ఆరు పోతాయి. ఏడోది పాడేవాడికి. ఎనిమిదోది ఓబులేష్ భార్య హేమావతిది, కాసేపటికి మాత్రం.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెక్కభజన గురువులు. వీధిలో చిందేస్తూ తెల్లారేదాకా పాడగలరు. కానీ నిలబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తే ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక తెల్లముఖం వేస్తారు. అందుకని హేమావతి ముందుగా పాటంతా ఎనిమిదో ట్రాకులో పాడేది. మధ్య మధ్య "అన్నా, ఈడ అందుకో" అని చెప్పేది. గురువు ఆ గొంతును చెవుల్లో వింటూ పాడేవాడు. అతని పని అయిపోగానే ఆమె అరలోకే వంతపాట ఎక్కేది. ఆమె గొంతు చెరిగిపోయేది. పదకొండేళ్లు, ప్రతి పాటకూ ఇదే వరస.

"నాదొకటన్నా ఉంచయ్యా, ఎట్లుంటాదో ఇందాం" అనేది అప్పుడప్పుడు.

"ఉండేది ఎనిమిదే. నిన్ను పెట్టుకుంటే వంతోళ్లను నెత్తిన పెట్టుకోవల్ల."

"కంప్యూటరైతే చెరిపే పని లేదంట కదా?"

"చూస్తాంలే."

ఒకసారి కదిరిలో ఓబులేష్‌కు శాలువా కప్పారు. మాట్లాడిన పెద్దమనిషి హేమావతిని తెరవెనక దీపమన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దీపమనడానికి ఏమంత ఖర్చు? ట్రాకు ఇవ్వాలంటేనే చోటుండదు.

పోయిన ఏడు ఆమె గొంతులో గడ్డ లేచింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి గడ్డతో పాటు స్వరపేటికనూ తీసేశారు. చూడొచ్చిన బంధువులు ప్రాణం దక్కింది, అదే పదివేలన్నారు. నిజమే. అయితే ఆ మాట అన్న ప్రతివాళ్లూ దాన్ని నోటితోనే అన్నారు. హేమావతి ఒక పలకా బలపమూ తెప్పించుకుంది.

ఆరు నెలలకు ఓబులేష్ రెండు పొట్టేళ్లను అమ్మి కంప్యూటరు కొన్నాడు. దారి చూపే గొంతు పోయాక గురువులకు పాట ఎత్తివ్వడానికి ఏదో ఒకటి కావాలి, కంప్యూటరైతే రాగాన్ని మీటలతో వాయించి పెట్టొచ్చన్నారు. అనంతపురం నుంచి కిరణ్ అనే మెకానిక్కు వచ్చి తీగలన్నీ బిగించాడు.

"ట్రాకులెన్నప్పా దీంట్లో?"

"నీ ఇష్టమన్నా. నూరు పెట్టుకో, వద్దనేదెవురు?"

కాఫీ తెచ్చిన హేమావతి గడప దగ్గర ఆగింది. ఓబులేష్ అటు చూడలేకపోయాడు. ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

కిరణ్ ఇంకొకటి చూపించాడు. "ఇది గేటన్నా. పాడేటోడు నోరు తెరిస్తే తెరుచుకుంటాది, మూస్తే మూసుకుంటాది. నడాన కుక్క మొరిగినా, బస్సు హారన్ కొట్టినా ఒక్కటీ ఇనపడదు."

"మా గొర్రెల దొడ్డికి ఇట్లాంటిదే పెట్టిచ్చేదుండె."

"దాచేటప్పుడు మాత్రం వేరే పేరు పెట్టుకో. పాతది పాతట్లే ఉండనీ."

"పాతదెందుకప్పా, చెత్త!"

పాతదాని మీదే కొత్తది ఎక్కించడం పదకొండేళ్లుగా ఆ చేతులకు అలవాటు. రికార్డరు కార్డులో మిగిలినవి ముప్పై ఏడు పాటలు. అన్నిటినీ కంప్యూటరులోకి తెచ్చుకుని పది రోజుల్లో ముప్పై ఆరు పాటలకు గేటు వేశాడు. పాతవాటి మీదే దాచాడు. పామిడి భజన బృందం రికార్డరు అడిగితే, గిన్నె కడిగి ఇచ్చినట్టు కార్డును శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చాడు. అది మర్యాద.

ముప్పై ఏడోది ఆంజినప్ప పాట, సగంలో ఉందని గేటు వేయలేదు. హేమావతికి జబ్బు రాకముందు, దగ్గు వచ్చి చివరి చరణం ఆపేసిన గురువు ఆయన. వంతవాళ్లు మాత్రం ఆ రోజే ఆమె అరలో పాడేసి పోయారు. మిగిలింది పూర్తి చేయడానికి ఆయన ఇప్పుడు వచ్చాడు. ఎక్కడ ఆపాడో గుర్తు రావడానికి ఓబులేష్ వాయిద్యాలనూ వంతనూ మూసేసి ఆయన గొంతొక్కటే వినిపించాడు. ఆంజినప్ప కళ్లు మూసుకుని విన్నాడు. ఉన్నట్టుండి హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఓబులేషూ, ఆయమ్మ ఉండాదప్పా దీంట్లో."

"యాడ?"

"నేను ఊపిరి తీసుకునేకాడ. ఇను."

ఓబులేష్ విన్నాడు. శబ్దం పెంచి మళ్లీ విన్నాడు. చరణానికీ చరణానికీ మధ్య, ఆంజినప్ప ఊపిరి వెనక, సన్నగా, గోడ అవతల నుంచి వచ్చినట్టు హేమావతి పాడుతోంది. ఆ రోజు ఆయన చెవుల్లో మోగిన గొంతు హెడ్‌ఫోన్ల సందుల్లోంచి కారి మైకులో పడింది. చివరన కాస్త తేటగా: "అన్నా, ఈడ అందుకో." అంతా కలిపి పదకొండు సెకన్లు.

అయితే అన్ని పాటల్లోనూ ఉండాలి. మొదటి పాట తెరిచాడు. రెండోది. పదోది. గురువు నోరు మూసిన చోటల్లా నిశ్శబ్దం. శుభ్రమైన నిశ్శబ్దం. కుక్క లేదు, బస్సు లేదు, హేమావతి లేదు.

తుడిచిన కార్డులోంచి పాతవి తిరిగి తీయొచ్చేమోనని పామిడికి ఫోన్ చేశాడు. అవతలివాళ్లు సంబరంగా ఉన్నారు. "పెట్టె బలే ఉండాదన్నా! కార్డు నిండా పాటలు పట్టేసినాం. ఖాళీ చేసి ఇచ్చినావు చూడు, మర్యాదస్తుడివి."

ఓబులేష్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఆంజినప్ప దగ్గరికి జరిగాడు.

"దీంట్లో నా గొంతు తీసేయప్పా. ఆయమ్మదే ఉంచు."

"తీసేదానికి కాదన్నా. నీ ఊపిరిలోనే కలిసిపోయిండాది."

ఆ మాటకు ఆంజినప్ప చరణం పాడకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

హేమావతి వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఓబులేష్ ఆమెను పిలుచుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాడు. ఏదో కొత్త పాటేమో అనుకుని ఆమె తల వంచి వింది. పదకొండు సెకన్లు అయిపోయాయి. పలక తీసుకుని రాసింది: "ఎవురిది?"

ఓబులేష్‌కు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పాడటం కాగానే ఆమె పొయ్యి దగ్గరికో, గొర్రెల దగ్గరికో వెళ్లిపోయేది. తిరిగొచ్చేసరికి చెరిగిపోయేది. తన గొంతును పాటలో ఆమె ఎన్నడూ విననే లేదు; మాట తనదే అయినా గొంతు పోల్చుకోలేకపోయింది.

"నీదేనే" అన్నాడు.

ఆమె నమ్మనట్టు చూసింది. మెడకు చుట్టుకున్న గుడ్డ మీద చెయ్యి వేసుకుని, రెండో చేత్తో మళ్లీ పెట్టమని సైగ చేసింది. పెట్టాడు. మళ్లీ సైగ చేసింది. పెట్టాడు. నాలుగోసారి విన్నాక బలపం తీసుకుని మెల్లగా రాసింది.

"బాగనే ఉండాదే. ఒక్కసారన్నా చెప్పకపోతివే."

అతను చదివాడని చూసుకుని, ఎప్పటిలాగే పలక తుడవడానికి అరచెయ్యి తడి చేసుకుంది. ఓబులేష్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.